తట్టలన్నీ ఒకే కొలత

మన సెల్‌ఫోన్లను నడిపేది రిస్క్ ప్రాసెసర్. ఈ మాటకు ప్రమాదంతో సంబంధం లేదు. చిన్న చిన్న, సులువైన ఆదేశాలతోనే పనంతా చేసే ప్రాసెసర్ అని అర్థం. ఆదేశం అంటే ‘ఈ రెండు అంకెలు కూడు’ వంటి ఒక్క పని.

ఒకప్పుడు మెమరీ చాలా ఖరీదు. ప్రోగ్రాము పొట్టిగా ఉండాలని ఒక్కో ఆదేశంలో నాలుగైదు పనులు ఇరికించేవారు. కానీ కంపైలర్లు (మనం రాసిన ప్రోగ్రామును ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్) ఆ పెద్ద ఆదేశాలను అరుదుగానే వాడుతున్నాయని 1970లలో ఐబీఎంలో జాన్ కాక్ బృందం గమనించింది. 1980ల మొదట్లో అమెరికా విశ్వవిద్యాలయాలైన బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ హెనెసీ చిన్న ఆదేశాలతో చిప్పులు చేసి చూపారు.

చిన్నవైతే వేగం ఎలా వస్తుంది? స్లాబు పోసేటప్పుడు కాంక్రీటు తట్టలు చేతులు మారుతూ పైకి వెళ్లడం చూసే ఉంటారు. తట్టలన్నీ ఒకే బరువుంటే వరుస ఆగదు. ఒక్కటి మోయలేనంత బరువైతే వెనకవాళ్లంతా ఆగాలి. ప్రాసెసర్‌లోని ఈ వరుసే పైప్‌లైన్ (ఒక ఆదేశం అమలవుతుండగానే తర్వాతివాటిని సిద్ధం చేసే ఏర్పాటు). ఇంటెల్ ఎక్స్86లో ఆదేశం పొడవు 1 నుంచి 15 బైట్ల దాకా మారుతుంది. ఒకదాన్ని కొంత చదివితే గానీ తర్వాతిది ఎక్కడ మొదలవుతుందో తెలియదు. రిస్క్-వీలో (ఇదొక రిస్క్ ఆదేశాల పట్టిక) మూల ఆదేశం ఏదైనా 4 బైట్లే. వెతుకులాట లేదు.

ఊరికే ఏదీ రాదు. ఆదేశాల సంఖ్య పెరుగుతుంది, వాటిని తెలివిగా పేర్చే భారం కంపైలర్ మీద పడుతుంది. బదులుగా చిప్ చిన్నదవుతుంది. 1985లో బ్రిటన్‌లోని ఏకార్న్ కంపెనీలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన మొదటి ఆర్మ్ చిప్ రిస్క్ తరహాదే; అందులో ట్రాన్సిస్టర్లు (చిప్‌లోని అతి చిన్న స్విచ్చులు) సుమారు 25,000. అదే ఏడాది వచ్చిన ఇంటెల్ 80386లో సుమారు 2,75,000. ట్రాన్సిస్టర్లు తగ్గితే కరెంటు ఖర్చూ తగ్గుతుంది. బ్యాటరీ మీద బతికే ఫోన్లకు ఆర్మ్ సరిపోయింది అందుకే.

ఆర్మ్ వాడాలంటే లైసెన్సుకు డబ్బు కట్టాలి. 2010లో బర్క్‌లీలోనే మొదలైన రిస్క్-వీకి ఆ రుసుము లేదు. ఐఐటీ మద్రాసు ‘శక్తి’, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ ‘వేగా’ ప్రాసెసర్లు దానిమీదే కట్టినవి. నా దృష్టిలో మన దేశానికి ఇది పెద్ద అవకాశం. అయితే ఉచితంగా దొరికేది ఆదేశాల పట్టిక మాత్రమే. డిజైన్, పరీక్ష, తయారీ మనమే చూసుకోవాలి. 2018లో శక్తి చిప్ ఒకటి అమెరికాలో, ఇంటెల్ కర్మాగారంలో 22 నానోమీటర్ల పద్ధతిలో తయారైంది. చండీగఢ్ పక్కనున్న మొహాలీలో, మన దేశంలోనే చేయించిన శక్తి చిప్ 180 నానోమీటర్లది, అంటే బాగా పాత పద్ధతిది.