బొంతలో 20 వేల కుట్లు: కొత్తగా మిషన్ పట్టినవారికి ధైర్యం చెప్పే లెక్కలు

తిరువూరు చుట్టుపక్కల జాకెట్టు, లంగా, దిండు గలీబు చకచకా కుట్టేవాళ్ళు వీధికి ఒకరైనా ఉంటారు. వాళ్ళలో చాలామంది బొంత అనగానే వెనక్కి తగ్గుతారు. అంత పెద్దది మిషన్‌లో ఎలా పడుతుంది? అన్ని వరసలు ఎప్పటికి పూర్తవుతాయి? కింది పొర ముడత పడితే విప్పడం ఎవరివల్ల అవుతుంది? ఈ మూడు భయాలూ సహజమైనవే. కానీ ఒక టేపు, ఒక పెన్సిలు తీసుకుని కూర్చుంటే మూడింటికీ జవాబు దొరుకుతుంది.

ముందు బొంత ఎంత ఉంటుందో చూద్దాం. చీర పొడవు సుమారు ఐదున్నర మీటర్లు, వెడల్పు 1.1 మీటర్లు. దాన్ని మూడు సమాన ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 1.8 మీటర్ల పొడవొస్తుంది. ఒక మనిషి పడుకునే మంచానికి అది సరిపోయే కొలత. అంటే ఒక పాత నూలు చీర మూడు పొరలు ఇస్తుంది, రెండు చీరలు ఆరు పొరలు. ఆరు పొరల బొంత మన చలికి చాలు, బరువు కిలో లోపే ఉంటుంది. పాత చీరలు వాడడంలో ఇంకో లాభం ఉంది. కొత్త నూలు బట్ట మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతులు కుంచించుకుపోతుంది. 1.8 మీటర్ల పొడవులో అది ఐదు నుంచి తొమ్మిది సెంటీమీటర్లు. పాత చీర ఆ కుంచించుకోవడమంతా ఎప్పుడో అయిపోయి మీ చేతికి వస్తుంది.

ఇప్పుడు కుట్ల సంగతి. వరసకూ వరసకూ మధ్య రెండు వేళ్ళ ఎడం, అంటే నాలుగు సెంటీమీటర్లు వదిలితే, 1.1 మీటర్ల వెడల్పులో 27 వరసలు పడతాయి. ఒక్కో వరస 1.8 మీటర్లు, మొత్తం 48 మీటర్ల పైచిలుకు. అంచు చుట్టూ రెండుసార్లు తిప్పితే దాదాపు 12 మీటర్లు. అంతా కలిపి 60 మీటర్లు. కుట్టు పొడవు మూడు మిల్లీమీటర్లు పెట్టుకుంటే ఇవి 20 వేల కుట్లు. సంఖ్య వినగానే గుండె జారుతుంది గానీ, దాన్ని నిమిషాల్లోకి మార్చి చూడండి. మోటారు మిషన్ పూర్తి వేగంతో నిమిషానికి 800 కుట్లు వేయగలదు. మీకు అంత వేగం అవసరం లేదు. నిమిషానికి 200 చాలు, అంటే సెకనుకు మూడు కుట్ల చిల్లర. ఒక్కో కుట్టు చప్పుడు విడిగా వినిపించేంత నిదానం అది. ఆ నిదానంతో కూడా 20 వేల కుట్లకు పట్టేది గంటా 40 నిమిషాలు. అదే చేత్తో, కుట్టుకూ కుట్టుకూ ఆరు మిల్లీమీటర్లు వదిలి, నిమిషానికి 20 కుట్లు వేసినా ఎనిమిది గంటలు దాటుతుంది. మన అమ్మమ్మలు అంత ఓపిక పెట్టి బొంతలు కుట్టారు. మిషన్ ముందు కూర్చున్న మీకు అందులో ఐదో వంతు ఓపిక ఉంటే చాలు.

కరెంటు ఖర్చు సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. ఇంటి మిషన్‌కు తగిలించే మోటారు 100 వాట్లని అనుకుంటే, రెండు గంటలకు యూనిట్‌లో ఐదో వంతు కాలుతుంది. యూనిట్ పది రూపాయలని లెక్కకట్టినా రెండు రూపాయలు. కాలితో తొక్కే మిషన్ అయితే అదీ లేదు, కరెంటు పోయినా పని ఆగదు.

ఇక మిషన్‌లో పట్టదన్న భయం సంగతి. విదేశాల్లో బొంతలు కుట్టే ‘లాంగ్‌ఆర్మ్’ మిషన్ల వీడియోలు చూసినవారికి ఈ అనుమానం ఎక్కువ. లాంగ్‌ఆర్మ్ అంటే సూదికీ వెనక స్తంభానికీ మధ్య చాలా చోటున్న మిషన్. అక్కడ 18 నుంచి 30 అంగుళాల ఖాళీ ఉంటుంది. బొంతను పది, పన్నెండు అడుగుల ఫ్రేముకు బిగించి ఉంచుతారు. బట్ట కదలదు, మిషనే దాని మీద అటూ ఇటూ నడుస్తుంది. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని గామిల్ లాంటి కంపెనీలు వీటిని తయారుచేస్తాయి. పెద్ద మిషన్ ఫ్రేముతో కలిపి 30 వేల డాలర్లు దాటడం అక్కడ మామూలే. మన రూపాయల్లో 25 లక్షల పైమాట. రోజూ బొంతలు కుట్టి అమ్మే దుకాణాలకు ఆ మిషన్ అవసరం. ఇంట్లో పాత చీరల బొంతకు అక్కర్లేదు. ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది.

మన ఇళ్ళలో ఉండే మిషన్‌కు సూది నుంచి స్తంభం దాకా ఆరు నుంచి ఎనిమిది అంగుళాల చోటుంటుంది. బొంతను మధ్య వరస నుంచి మొదలుపెట్టి ఒక పక్కకు కుట్టుకుంటూ పోతే, ఆ చోటులో ఎప్పుడైనా పట్టాల్సింది సగం వెడల్పే, అంటే 55 సెంటీమీటర్లు. మిగతా సగం మీ ఎడమ చేతివైపు బల్ల మీద ఉంటుంది. ఆరు పొరలు కలిపి, మధ్య గాలితో సహా, మూడు మిల్లీమీటర్ల మందం. 55 సెంటీమీటర్లను గట్టిగా చుట్టితే చుట్ట మందం ఐదు సెంటీమీటర్ల లోపు, రెండంగుళాలు కూడా ఉండదు. ఆరంగుళాల చోటులో హాయిగా దూరుతుంది. ఒక పక్క అయిపోయాక బొంతను తిప్పి, మళ్ళీ మధ్య నుంచి రెండో పక్క కుట్టాలి. అదే పొరల మధ్య రెండు సెంటీమీటర్ల దూది పెడితే ఆ చుట్ట దాదాపు ఐదంగుళాలవుతుంది, మిషన్ కింద ఇరుక్కుంటుంది. అందుకే దూది బొంత జోలికి ఇప్పుడే వెళ్ళకండి. చీరల బొంతతో చేయి తిరగనివ్వండి.

నిజంగా ఇబ్బంది పెట్టేది చుట్ట మందం కాదు, బరువు. ఇది కొత్తవాళ్ళకు ఎవరూ చెప్పని సంగతి కాబట్టి కొంచెం నెమ్మదిగా చెప్పుకుందాం. కిలో బరువున్న బొంతలో సగం బల్ల అంచు నుంచి కిందికి వేలాడుతుంటే, అరకిలో బరువు అదే పనిగా బట్టను కిందికి లాగుతుంటుంది. పాదం కింద ఉన్న పళ్ళు, అంటే బట్టను వెనక్కి నెట్టే చిన్న రంపపు పట్టీలు, ఆ లాగుడుకు ఎదురు పనిచేయలేవు. కుట్లు ఒకచోట రెండు మిల్లీమీటర్లు, ఇంకోచోట నాలుగు పడతాయి. చూసినవాళ్ళు ‘చేయి తిరగలేదు’ అంటారు. మీరూ అదే నమ్మి మిషన్ మూత పెట్టేస్తారు. తప్పు మీ చేతిలో లేదు. మిషన్‌కు ఎడమవైపు ఒక మంచం, వెనక ఒక స్టూలు, రెండూ బల్ల ఎత్తుకు వచ్చేలా పెట్టుకోండి. బరువు వాటి మీద పడితే అవే చేతులు, అదే మిషన్, కుట్టు మాత్రం సమంగా వస్తుంది.

మూడో భయం ముడతలు. పాదం పైపొరను ముందుకు నెడుతుంది, పళ్ళు కిందిపొరను వెనక్కి లాగుతాయి. ప్రతి 30 సెంటీమీటర్లకు ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా, 1.8 మీటర్ల వరస చివరికి ఆరు మిల్లీమీటర్లవుతుంది. ఆ మిగిలిన బట్టే ముడతగా కనిపిస్తుంది. దీనికి మందు పిన్నీసులు. నేల మీద పొరలన్నీ పరిచి, చేత్తో మధ్య నుంచి బయటికి నిమిరి, ప్రతి 15 సెంటీమీటర్లకు ఒక పిన్నీసు పెట్టాలి. పొడవునా 12, వెడల్పున 7, మొత్తం 84. అంటే ఏడు డజన్లు. ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి పనికొస్తాయి. పిన్నీసులు లేకపోతే చేత్తో పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసి తర్వాత లాగేయవచ్చు. ఈ పనికి గంట పట్టినా పట్టనివ్వండి. ఇక్కడ ఆదా చేసిన పావుగంట విప్పడంలో రెండు గంటలై తిరిగొస్తుంది. పాలిస్టర్ చీరల పొరలు నూలుకంటే ఎక్కువ జారతాయి కాబట్టి మొదటి బొంతకు అన్నీ నూలు చీరలే ఎంచుకోండి.

దారం ఎంత కావాలి? మిషన్ కుట్టులో పైదారం, బాబిన్ దారం పొరల మధ్య ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. అందువల్ల కుట్టిన పొడవుకు దాదాపు మూడింతల దారం పడుతుంది. 60 మీటర్లకు 180. తెగినవి, ముళ్ళు వేసినవి కలుపుకుని 220 మీటర్లు ఉంచుకోండి. రీలు మీద మీటర్లు రాసి ఉంటాయి, చూసి కొనండి. ఇందులో సగం బాబిన్‌లోనే ఖర్చవుతుంది. కాబట్టి మూడు బాబిన్లు ముందే చుట్టి పక్కన పెట్టుకుంటే మధ్యలో లేవక్కర్లేదు.

సూది విషయంలో పిసినారితనం వద్దు. జాకెట్టుకు వాడే 11 నంబరు ఆరు పొరల్లో వంగిపోతుంది. 16 నంబరు తీసుకోండి, దాని మందం సరిగ్గా ఒక మిల్లీమీటరు. ఎనిమిది గంటల కుట్టుపని తర్వాత సూది మొన మొద్దుబారుతుందని అనుభవజ్ఞుల లెక్క. మన లెక్కలో ఒక బొంతకు గంటా 40 నిమిషాలు కదా, నాలుగు బొంతలకో సూది మార్చితే సరి.

ఇక వీడియోల్లో కనిపించే పూలు, తీగలు, చక్రాలు. వాటిని పళ్ళు దించేసి, బట్టను చేత్తో తిప్పుతూ కుడతారు. అప్పుడు కుట్టు పొడవును మిషన్ నిర్ణయించదు, మీ చేయి నిర్ణయిస్తుంది. కాలు నిమిషానికి 200 కుట్లు వేస్తుంటే చేయి నిమిషానికి 60 సెంటీమీటర్లు జరపాలి. అప్పుడే కుట్టు మూడు మిల్లీమీటర్లు వస్తుంది. చేయి తొందరపడి 120 జరిపితే ఆరు, బెదిరి 30కి తగ్గితే ఒకటిన్నర. ఖరీదైన లాంగ్‌ఆర్మ్ మిషన్లలో చేయి వేగాన్ని కనిపెట్టి సూది వేగాన్ని తానే సర్దుకునే పరికరం ఉంటుంది. ఇంటి మిషన్ మీద ఆ పరికరం మీరే కావాలి. అది సాధనతో వచ్చేది. వీడియోలో తీగ వేసే మనిషి చేతివెనక ఎన్ని కిలోమీటర్ల కుట్టు ఉందో మనకు కనిపించదు. మొదటి వారంలోనే దానితో పోల్చుకోవడం మీకు మీరు చేసుకునే అన్యాయం. మొదట నిటారు గీతలు, పళ్ళు పైకి పెట్టి. అదే గట్టి పునాది.

సాధనకు మంచి దారి మసిగుడ్డలు. ఒక్కో అడుగు పొడవూ వెడల్పూ ఉన్న పాత బట్టలు ఆరు పొరలు పేర్చి, రెండు సెంటీమీటర్లకో గీత చొప్పున 15 గీతలు కుట్టండి. అది నాలుగున్నర మీటర్ల కుట్టు. పది మసిగుడ్డలు పూర్తయ్యేసరికి 45 మీటర్లు కుట్టినట్టు, ముప్పావు బొంత మీ చేతుల మీదుగా వెళ్ళిపోయినట్టు. మొదటిది, పదోది పక్కపక్కన పెట్టి చూసుకోండి, ఎవరి సర్టిఫికెట్టూ అవసరం ఉండదు. వంకర వచ్చినవీ వేడి గిన్నె దించడానికి చక్కగా పనికొస్తాయి, బట్ట వృథా కాదు. ప్రతిదాని మూల మీదా తేదీ రాసుకుంటే ఇంకా మంచిది. కుట్టు పొడవు సరిచూడ్డానికి స్కేలు పెట్టి మూడు సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి. పది ఉంటే మూడు మిల్లీమీటర్లు కుదిరినట్టే.

మధ్యలో రెండు చికాకులు తప్పకుండా వస్తాయి. కిందివైపు దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడితే బాబిన్‌ను తిట్టకండి, తప్పు సాధారణంగా పైదారంలో ఉంటుంది. పాదం ఎత్తి, పైదారం మొత్తం తీసి మళ్ళీ ఎక్కించండి, చాలాసార్లు అంతటితో పోతుంది. దారం మాటిమాటికీ తెగితే చేతిచక్రం మీవైపే తిరుగుతోందా చూడండి. తొక్కుడు మిషన్ మొదలుపెట్టేటప్పుడు చక్రం వెనక్కి తిరగడం కొత్తవాళ్ళకు మామూలే.

మొదటి అసలు పని పసిపిల్లల బొంత అయితే బాగుంటుంది. 75 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు. 14 వరసలు, అంచుకు రెండు చుట్లు, మొత్తం 16 మీటర్లు, 5,300 కుట్లు. సూది నడిచే సమయం అరగంట కూడా కాదు. పిన్నీసులు, అంచు మడతలు కలుపుకుని ఒక మధ్యాహ్నంలో పూర్తవుతుంది. పూర్తయిన వస్తువు చేతిలో ఉంటే వచ్చే ధైర్యం పది పాఠాలు విన్నా రాదు.

ఇది నాలుగు రూపాయలు తెస్తుందా అని అడిగేవారికీ లెక్క ఉంది. పెద్ద బొంతకు పిన్నీసులకు గంట, సూది నడవడానికి గంటా 40 నిమిషాలు, తిప్పడానికీ దారాలు మార్చడానికీ ఇంచుమించు అంతే, అంచుకు గంటన్నర. మొత్తం ఆరు గంటలు, ఒక పనిదినం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజుకూలి 307 రూపాయలు. దారం, సూది ఖర్చు పోగా అంతకంటే తక్కువ మిగిలేలా కూలి ఒప్పుకోకండి. ‘పాత చీరలే కదా’ అని బేరమాడేవారికి ఈ ఆరు గంటలు వివరించి చెప్పండి.

శిక్షణకు, పనిముట్లకు సాయం కావాలంటే దారులున్నాయి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పనీ ఉంది. ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15 వేల రూపాయల వోచరు అందులో భాగం. బీసీ, ఆర్థికంగా వెనకబడిన వర్గాల మహిళలకు రాష్ట్ర ప్రభుత్వం 2025లో ఉచిత కుట్టు శిక్షణ మొదలుపెట్టింది. దరఖాస్తులు ఇప్పుడు తీసుకుంటున్నారో లేదో మీ సచివాలయంలో కనుక్కోండి.

విశ్వకర్మలో అప్పు కూడా ఇస్తారు. మొదటి విడత లక్ష రూపాయల దాకా, ఐదు శాతం వడ్డీకి, 18 నెలల్లో తీర్చాలి. వడ్డీ తక్కువే, మొత్తం మీద నాలుగు వేలు. కానీ లక్షా తీసుకుంటే నెలనెలా కట్టాల్సింది సుమారు 5,780 రూపాయలు. బొంతకు 400 కూలి వస్తుందనుకుంటే నెలకు 15 బొంతలు వాయిదాకే పోతాయి. చేతిలో అన్ని బొంతల పని లేనప్పుడు అప్పు జోలికి వెళ్ళవద్దు. మోటారు తగిలించిన పాత మిషన్, ఏడు డజన్ల పిన్నీసులు, పక్కన మంచం, ఎక్కువ పని చేతికి వచ్చేదాకా ఇవి చాలు.