నడివయసులో పెరుగు: నాలుక నుంచి పొలం గట్టు వరకు

చిన్ననాట పెరుగన్నం చూసి ముఖం తిప్పుకున్నవారే యాభై ఏళ్ల ప్రాయానికి పెరుగు లేనిదే భోజనం పూర్తికాలేదని భావించడం మన కుటుంబాల్లో తరచుగా కనిపించే మార్పు. దీనిని వయసు తెచ్చిన చాదస్తంగా కొట్టివేయడం తగదు. ఈ మార్పు వెనుక శరీరధర్మం ఉంది, అలవాటు ఉంది, పెరుగు నాణ్యత ఉంది. ఆ నాణ్యత వెనుక పశువు మేసిన మేత ఉంది. కనుక ఈ విషయం ఆహారశాస్త్రానికి ఎంత చెందుతుందో సస్యశాస్త్రానికీ అంతే చెందుతుంది. జనగామ జిల్లా పాలకుర్తి ప్రాంతపు వ్యవసాయాన్ని దృష్టిలో ఉంచుకొని దీనిని పరిశీలిద్దాం.

రుచి ఎందుకు మారుతుంది?

నాలుకపై రుచిమొగ్గల్లోని కణాలు సుమారు 10 రోజులకొకసారి కొత్తవిగా ఏర్పడుతుంటాయి. వయసు మీరేకొద్దీ ఈ ప్రక్రియ మందగిస్తుంది. వాసన పసిగట్టే శక్తి కూడా క్రమంగా తగ్గుతుంది. మనం రుచి అనుకునే దానిలో చాలాభాగం వాసనే. అందువల్ల ఒకప్పుడు ఘాటుగా తోచిన పులుపు వాసన తరువాతి కాలంలో సౌమ్యంగా అనిపించవచ్చు.

రెండవ కారణం జీర్ణశక్తి. పాలలోని చక్కెర అయిన లాక్టోజ్‌ను జీర్ణంచేసే ఎంజైము బాల్యం తరువాత మనలో చాలామందికి తగ్గిపోతుంది. పాలు తాగితే కడుపు ఉబ్బరించేవారికి పెరుగు సరిపడుతుంది. తోడుకునే క్రమంలో బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను లాక్టిక్ ఆమ్లంగా మార్చివేయడమే ఇందుకు కారణం. తిన్న తరువాత తేలికగా ఉంటే మనసు ఆ రుచిని మళ్లీ కోరుతుంది.

మూడవది అలవాటు. మళ్లీ మళ్లీ రుచి చూసినకొద్దీ ఇష్టం ఏర్పడుతుంది. ముందే ఇష్టమైన పదార్థంతో కలిపి తింటే అది మరింత త్వరగా ఏర్పడుతుంది. పాలకుర్తి మండలంలోని బమ్మెర, పోతన స్వగ్రామంగా ప్రసిద్ధి చెందినది. ఆయన భాగవతంలో గోపబాలుర చల్ది భోజనాన్ని వర్ణిస్తూ, కృష్ణుని చేతిలో పెరుగు కలిపిన ముద్దను, వేళ్ల సందున ఊరగాయ ముక్కలను చూపించాడు. పులుపుకు ఉప్పు, కారం తోడైతే నాలుక లొంగుతుందని మన వంటిళ్లకు ఏనాడో తెలుసు. ఈ వ్యాసకర్తకు కూడా నలభై ఏడవ ఏట పెరుగుపై ఇష్టం కలిగింది మామిడికాయ తొక్కు సాయంతోనే.

పెరుగు కుదిరేది ఎలా?

పాల ఉదజని సూచిక సుమారు 6.6 నుంచి 4.6కు దిగినప్పుడు కేసీన్ మాంసకృత్తు గడ్డకడుతుంది. గడ్డకట్టాక కూడా బ్యాక్టీరియా పని ఆపదు. పగటి వేడి 40 డిగ్రీలు దాటే మన వేసవిలో పెరుగు కొద్ది గంటల్లోనే తోడుకొని, ఆపై పులిసిపోతూనే ఉంటుంది. బాగా కాచిన పాలను గోరువెచ్చగా చల్లార్చి, వేసవిలో తోడు తగ్గించి, రాత్రివేళ మట్టికుండలో తోడుపెట్టి, తోడుకోగానే చల్లని చోటికి మార్చితే పులుపు అదుపులో ఉంటుంది. పెరుగు ఇష్టం లేదనే వారిలో చాలామందికి నచ్చనిది పెరుగు కాదు, పులిసిన పెరుగు.

అవసరం పెరిగే వేళ అందుబాటు

పెద్దలకు రోజుకు 1000 మి.గ్రా., రుతుక్రమం ఆగిన స్త్రీలకు 1200 మి.గ్రా. కాల్షియం అవసరమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సులు తెలుపుతున్నాయి. 100 గ్రాముల పెరుగులో సుమారు 120 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. అంటే 200 గ్రాముల పెరుగు ఆ స్త్రీ అవసరంలో ఐదోవంతు తీరుస్తుంది. ఎముకల సాంద్రత వేగంగా తగ్గే వయసులోనే నాలుక పెరుగువైపు మొగ్గడం ఒక అవకాశం.

అయితే ఆ అవకాశం అందరికీ సమానంగా అందదు. తెల్లవారుజామున గేదె పాలు పితికే స్త్రీ, వాటిని పాల కేంద్రంలో పోసి వస్తుంది. మిగిలిన కాసిని పాలు పిల్లలకూ టీకీ సరిపోతాయి. ఆమె పళ్లెంలోకి వచ్చేది నీళ్ల మజ్జిగే. పాల ఆదాయం మహిళల చేతికి రావడం గొప్ప మేలు. హనుమకొండ జిల్లా ములుకనూరు మహిళా సహకార డెయిరీ ఇందుకు నిదర్శనం. కానీ ఆ ఆదాయం కోసం ఇంటి పెరుగు పూర్తిగా మాయం కాకూడదు.

మేతతోనే మొదలు

ఇంట్లో అర లీటరు పాలు మిగలాలంటే పశువు మరో అర లీటరు ఇవ్వాలి. సాగునీరు పెరిగిన గ్రామాల్లో వరి విస్తరించింది, జొన్న చొప్ప తగ్గింది. వరిగడ్డిలో మాంసకృత్తులు 3–4 శాతమే. అందులోని ఆక్సలేట్లు పశువుకు కాల్షియం అందకుండా అడ్డుపడతాయి. కేవలం వరిగడ్డిపై బతికే గేదె పాలలో వెన్నేతర ఘనపదార్థాలు తగ్గి, పెరుగు పలచనవుతుంది.

పరిష్కారాలు మనకు తెలిసినవే. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50–60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి చల్లి, గాలి చొరకుండా కప్పి 21 రోజులు మాగవేస్తే మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి. అలా మాగిన గడ్డిని కొంతసేపు ఆరబెట్టి, పెద్ద పశువులకు మాత్రమే, క్రమంగా అలవాటు చేస్తూ మేపాలి. నీటివసతి ఉన్నచోట గేదెకు ఐదారు గుంటల హైబ్రిడ్ నేపియర్, దాని పక్కన కొన్ని సాళ్ల బొబ్బర్లు వేస్తే ఏడాదిలో చాలాకాలం పచ్చిమేత అందుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు ఒక మనవి. పశుగ్రాసంపై రైతు శిక్షణ జరిపినప్పుడు పాల దిగుబడితోపాటు మరొక ప్రశ్న కూడా అడగండి: ‘ఈ ఇంట్లో నిన్న పెరుగు ఎవరు తిన్నారు?’ గ్రామీణ అనుభవ శిక్షణకు వెళ్లే విద్యార్థులు తమ సర్వే పత్రంలో ఈ ప్రశ్నను ఒక గడిగా చేర్చుకోవచ్చు. జవాబులో ఇంటి ఇల్లాలి పేరు లేకపోతే, ఆ ఇంటికి మన మేత సిఫార్సు ఇంకా పూర్తిగా చేరలేదని గ్రహించాలి.