గడియారం నడిపిన సినిమా

కౌబాయ్ చిత్రం అనగానే పరుగెత్తే గుర్రాలు, ఎడారులు, తుపాకీ మోతలు గుర్తుకు వస్తాయి. వీటన్నిటికీ బోలెడంత డబ్బు కావాలి. డబ్బు తక్కువైతే ఏం చెయ్యాలి? 1952లో అమెరికాలో విడుదలైన ‘హై నూన్’ దీనికి మంచి జవాబు చెబుతుంది. ఆ పేరుకు మిట్టమధ్యాహ్నం అని అర్థం.

కథ చిన్నది. విల్ కేన్ ఒక చిన్న వూరికి మార్షల్, అంటే పోలీసు అధికారి. అతను పెళ్ళి చేసుకుని, ఉద్యోగం మాని వెళ్ళబోతుండగా కబురు వచ్చింది: అతను జైలుకు పంపిన దుర్మార్గుడు విడుదలై, 12 గంటల రైలులో పగ తీర్చుకోవటానికి వస్తున్నాడు! కేన్ సహాయం కోసం ఇల్లిల్లూ తిరిగాడు. తలా ఒక సాకు చెప్పారు. పద్నాలుగేళ్ళ కుర్రవాడొకడు ముందుకు వస్తే, కేన్ వాణ్ణి ఇంటికి పంపేశాడు.

అంతకు ముందు ఏడాది వచ్చిన ‘క్వో వాడిస్’ చిత్రానికి 70 లక్షల డాలర్లకు పైగా అయింది. దీనికి అయింది 7 లక్షల పైచిలుకే. రంగులు లేవు, పెద్ద పెద్ద దృశ్యాలు లేవు. దర్శకుడు ఫ్రెడ్ జిన్నెమన్ వాటికి బదులు గడియారాన్ని వాడుకున్నాడు. చిత్రం 85 నిమిషాలు. కథ జరిగే కాలం కూడా దాదాపు అంతే. మాటిమాటికీ గడియారం కనిపిస్తుంది. ముల్లు కదిలినకొద్దీ మన గుండె కూడా కొట్టుకుంటుంది. ఒకచోట కెమెరా పైపైకి లేస్తుంది; ఖాళీ వీధిలో కేన్ ఒంటరిగా, చీమంత కనిపిస్తాడు. అతని భయం చెప్పటానికి ఒక్క మాటైనా అక్కర లేకపోయింది. ఈ చిత్రానికి 4 ఆస్కార్ బహుమతులు వచ్చాయి.

లోపాలూ వున్నాయి. మాటలు ఎక్కువ, పరుగులు తక్కువ. వూరివాళ్ళలో చాలామంది ఒక్కొక్క సాకు చెప్పి పోవటానికే వచ్చినట్టుంటారు; వాళ్ళ బాధలు మనకు పూర్తిగా తెలియవు.

హోవర్డ్ హాక్స్ అనే మరొక దర్శకుడికి ఈ కథే నచ్చలేదు. సమర్థుడైన అధికారి సామాన్యులను సహాయం అడుగుతూ తిరగడని అతని వాదం. దానికి జవాబుగా 1959లో ‘రియో బ్రావో’ తీశాడు.

పిల్లలూ, ఆపదలో సహాయం అడగటం పిరికితనమా? కేన్ భయపడ్డాడు, అడిగాడు, ఎవరూ రాకపోయినా పారిపోలేదు. భయం లేకపోవటమే ధైర్యం కాదు గదా! చివరకు ఏమయిందో పెద్దవాళ్ళతో కలిసి చూడండి. చూశాక, మీరే ఆ వూళ్ళో వుంటే ఏం చేసేవారో వాళ్ళనూ అడగండి, మీరూ చెప్పండి.