ముందు లెన్స్, ఆ తర్వాతే బాడీ

1900లో ఇంగ్లండ్‌లో రిచర్డ్, చెర్రీ కెర్టన్ అనే అన్నదమ్ములు ఒక ఎద్దు తోలును చట్రానికి బిగించి, లోపల బోలుగా ఉండేలా నిలబెట్టారు. దాని కడుపులో ఒక మనిషీ ఒక కెమెరా పట్టేంత చోటుండేది. పొలంలో మేసే పశువును చూసి పిట్టలు బెదరవు కాబట్టి ఆ బొమ్మ ఎద్దు చాటున గూటికి బాగా దగ్గరగా చేరేవారు. పక్షిని ఫొటో తీయడానికి అప్పట్లో ఇంత తంటా పడాల్సి వచ్చింది. కెమెరా లేక కాదు, దూరం నుంచి పనిచేసే వేగమైన లెన్స్ లేక.

నిజానికి టెలిఫొటో లెన్స్ అప్పటికే పుట్టింది. 1891లో లండన్‌లో థామస్ రుడాల్ఫస్ డాల్‌మేయర్, జర్మనీలో అడాల్ఫ్ మీథె, అడాల్ఫ్ స్టైన్‌హైల్ ఎవరికి వారే దాన్ని రూపొందించారు. మామూలు కుంభాకార కటకంతో 600 మి.మీ. ఫోకల్ లెంగ్త్ రావాలంటే కటకానికీ ఫొటో పడే ప్లేటుకూ మధ్య దాదాపు 600 మి.మీ. దూరం కావాలి. ముందు కుంభాకార కటకాలు, వెనక పుటాకార కటకాలు అమరిస్తే అదే ఫలితం పొట్టి గొట్టంలో వస్తుంది. చిక్కంతా వెలుతురుతోనే. ఆ లెన్సుల గుండా వచ్చే కాస్త కాంతి ఆనాటి మందకొడి ప్లేట్లకు చాలేది కాదు. కదలని కొండనో గోపురాన్నో తీయొచ్చు కానీ, రెక్క విప్పిన పక్షిని తీయడం అసాధ్యం.

అందుకే మన దేశంలో అటవీ అధికారిగా పనిచేసిన ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ మరో దారి పట్టాడు. పులులు తిరిగే బాటల పక్కన కెమెరాలు అమర్చి, దారికి అడ్డంగా సన్నని తీగ కట్టేవాడు. పులి కాలు తగలగానే ఫ్లాష్ వెలిగి ఫొటో పడేది. ఆ చిత్రాలతో ఆయన రాసిన ‘విత్ ఎ కెమెరా ఇన్ టైగర్‌లాండ్’ 1927లో వచ్చింది. ఇవాళ పులుల లెక్కింపు కోసం అడవుల్లో కట్టే కెమెరా ట్రాప్‌లకు పూర్వరూపం అదే.

రోజువారీ ఫొటోగ్రఫీ మాత్రం ఇంకో చోట ఊపందుకుంది. జర్మనీలోని వెట్స్‌లార్‌లో లైట్స్ కంపెనీలో పనిచేసే ఆస్కార్ బర్నాక్, సినిమా ఫిల్మును అడ్డంగా నడిపి 36 x 24 మి.మీ. చట్రంలో ఫొటో తీసే చిన్న కెమెరా తయారుచేశాడు. 1925లో లైకా పేరుతో అది మార్కెట్లోకి వచ్చింది. వీధికైనా సంతకైనా చేతబట్టుకుని పోవచ్చు. ఇప్పుడు డిజిటల్ కెమెరాల్లో ఫుల్ ఫ్రేమ్ అని పిలుస్తున్న సెన్సర్ కొలత కూడా బర్నాక్ ఎంచుకున్నదే.

కానీ లైకాలో కంటితో చూసే కిటికీ వేరు, ఫొటో తీసే లెన్స్ వేరు. 50 మి.మీ. లెన్స్ సుమారు 47 డిగ్రీల మేర చూస్తుంది కాబట్టి ఆ తేడా పెద్దగా తెలియదు. 400 మి.మీ. లెన్స్ చూసేది ఆరు డిగ్రీలే. అక్కడ కిటికీలో చూసి పక్షిని పట్టాలంటే గురి తప్పుతుంది. దీనికి విరుగుడు అద్దం. లెన్స్ వెనక 45 డిగ్రీల వాలుగా ఒక అద్దం పెడితే లెన్స్ చూసేదే కన్నూ చూస్తుంది. బటన్ నొక్కగానే అద్దం పైకి లేచి కాంతిని ఫిల్ము మీదికి వదులుతుంది. ఈ పద్ధతిలో పనిచేసే 35 మి.మీ. కెమెరాల్లో మొదటి తరానికి చెందిన కినె ఎక్జాక్టా 1936లో డ్రెస్డెన్ నుంచి వచ్చింది. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్‌తో ఎస్‌ఎల్‌ఆర్ అని పిలిచే ఈ అద్దపు కెమెరా వృత్తి ఫొటోగ్రాఫర్ల మెడలో స్థిరపడింది.

అద్దం లేచి దిగడానికి చోటు కావాలి. అందుకే నికాన్ ఎఫ్ మౌంట్‌కూ ఫిల్ముకూ మధ్య 46.5 మి.మీ. ఎడం ఉంచారు. మౌంట్ అంటే లెన్స్‌ను బాడీకి బిగించే లోహపు వలయం. కొనేవాళ్లు అంతగా పట్టించుకోని ఈ వలయమే తర్వాతి కథంతా నడిపింది. 1985లో మినోల్టా 7000 బాడీలోనే ఆటోఫోకస్ మోటారుతో వచ్చి మార్కెట్‌ను కుదిపేసింది. నికాన్ తన పాత మౌంట్‌నే అట్టిపెట్టుకుని ఆటోఫోకస్ చేర్చింది. కెనాన్ మాత్రం 1987లో తన పాత ఎఫ్‌డీ మౌంట్‌ను పూర్తిగా వదిలేసి, మోటారును లెన్స్‌లోనే పెట్టి, విద్యుత్ సంకేతాలతో నడిచే ఈఎఫ్ మౌంట్‌ను తెచ్చింది. అప్పటిదాకా ఎఫ్‌డీ లెన్సులు పోగేసుకున్నవాళ్ల పెట్టుబడికి కొత్త బాడీల మీద చోటు లేకుండా పోయింది. బాడీ కొనడమంటే ఒక లెన్సుల కుటుంబంలోకి వెళ్లడమేనని ఆ ఏడాది చాలామందికి ఖరీదుగా తెలిసింది.

లెన్స్ కూడా ఎదుగుతూ వచ్చింది. పొడవాటి లెన్సుల్లో ఎరుపు, నీలం కాంతులు ఒకే చోట కేంద్రీకృతం కాక అంచుల్లో రంగులు చెదిరేవి. 1969లో కెనాన్ కృత్రిమ ఫ్లోరైట్ స్ఫటికంతో ఆ దోషాన్ని బాగా తగ్గించింది. 1995లో అదే కంపెనీ 75–300 లెన్స్‌లో చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ పెట్టింది. అయినా భౌతికశాస్త్రం విధించే ఒక లెక్క మారదు. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ సంఖ్యతో భాగిస్తే లెన్స్ తెరుచుకునే వ్యాసం వస్తుంది. 50 మి.మీ. ఎఫ్/1.8కు అది 28 మి.మీ. చాలు. 600 మి.మీ. ఎఫ్/4కు 150 మి.మీ. కావాలి. అంత గాజును దోషం లేకుండా సాన పట్టాలి కాబట్టే ఆ లెన్స్ మూడు కిలోలు దాటుతుంది, ధర లక్షల్లో పలుకుతుంది. నికాన్ 2023లో తెచ్చిన 600 మి.మీ. ఎఫ్/6.3 లెన్స్ కిలోన్నర లోపే తూగడానికి కారణం, అందులోని ప్రత్యేక కటకంతో పాటు, అది తక్కువ కాంతితో సరిపెట్టుకోవడం.

ఇక డిజిటల్ బాడీలు. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ చేసిన నమూనా సుమారు 3.6 కిలోలు తూగేది. 0.01 మెగాపిక్సెల్ చిత్రాన్ని క్యాసెట్ టేపు మీద రాయడానికి 23 సెకన్లు తీసుకునేది. సెన్సర్లు మెరుగై తెరమీద నేరుగా చూడటం కుదిరాక అద్దం అవసరమే పోయింది. 2008లో పానసోనిక్ జీ1తో మిర్రర్‌లెస్ శకం మొదలైంది. 2018లో కెనాన్, నికాన్ కూడా ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లోకి కొత్త మౌంట్లతో దిగాయి. మౌంట్‌కూ సెన్సర్‌కూ మధ్య ఎడం ఇప్పుడు నికాన్ జెడ్‌లో 16, సోనీ ఈలో 18, కెనాన్ ఆర్‌ఎఫ్‌లో 20 మి.మీ. మాత్రమే.

అద్దం పోవడం వల్ల వన్యప్రాణి ఫొటోగ్రాఫర్‌కు రెండు లాభాలు దక్కాయి. కొత్త బాడీలు పక్షి కంటిని గుర్తించి దానిమీదే ఫోకస్ నిలుపుతాయి. అద్దం చప్పుడు లేదు కాబట్టి జింక చెవులు రిక్కించదు. అయితే శబ్దం లేని షట్టర్ అన్ని బాడీల్లోనూ ఒకేలా పనిచేయదు. సెన్సర్ నెమ్మదిగా చదివే రకమైతే వేగంగా కొట్టే రెక్కలు ఫొటోలో వంకరపోతాయి. పక్షులకోసం బాడీ కొనేవాళ్లు మెగాపిక్సెళ్ల కన్నా ముందు ఆటోఫోకస్‌నూ, ఈ చదివే వేగాన్నీ చూడాలి.

మరి ఎవరికి ఏది? ఇంట్లో పిల్లలు, పెళ్లిళ్లు, ప్రయాణాలు తీసేవారికి ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న తేలికైన బాడీ, దానితో కలిపి అమ్మే కిట్ జూమ్, ఒక 35 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ చాలు. ట్యూబ్‌లైటు వెలుగులో ఎఫ్/1.8 లెన్స్, కిట్ జూమ్ చివరనుండే ఎఫ్/5.6 కన్నా తొమ్మిది రెట్లకు పైగా కాంతిని రానిస్తుంది. బాడీ మీద మరో యాభై వేలు పెట్టినా ఆ తేడా రాదు.

వన్యప్రాణులకు లెక్క వేరు. తాడోబా పులుల అడవిలాంటి చోట సఫారీ జీపులోంచి పులినో దుప్పినో తీయడానికి 100–400 జూమ్ అక్కరకొస్తుంది. చిన్న పక్షులకు 500, 600 కావాలి. ఏపీఎస్-సీ సెన్సర్ మీద 400 మి.మీ. లెన్స్ ఫుల్ ఫ్రేమ్ మీద 600 చూసినంత ఇరుకు కోణాన్నే చూస్తుంది కాబట్టి, పరిమిత బడ్జెట్‌లో పక్షుల ఫొటోలకు ఈ చిన్న సెన్సరే మేలు. ఎగిరే పక్షికి షట్టర్ 1/2000 సెకను దగ్గర ఉంచాలి. తెల్లవారుజామున ఆ వేగానికి వెలుతురు చాలకపోతే ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) పెంచక తప్పదు, ఫుల్ ఫ్రేమ్ అక్కడ ముందుంటుంది. నేలపట్టులో నీళ్లలో నిలిచిన చెట్లమీది గూడబాతులకు 150–600 జూమ్ చక్కగా సరిపోతుంది. పులికాట్‌లో దూరాన నిలిచే ఫ్లెమింగోలకు మాత్రం ఎండెక్కాక ఏ లెన్సూ సాయం చేయదు, వేడిగాలి తెరలు ఫొటోను చెరిపేస్తాయి. పొద్దున్నే వెళ్లడమే మార్గం.

చేతిలో డబ్బు తక్కువైతే వాడిన డీఎస్‌ఎల్‌ఆర్ (అద్దమున్న డిజిటల్ కెమెరా) లెన్సులను చిన్నచూపు చూడనక్కర్లేదు. కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో ఆర్‌ఎఫ్ బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్‌లో మోటారు ఉన్న ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లాంటి లెన్సులకే జెడ్ బాడీల మీద నికాన్ సొంత అడాప్టర్‌తో ఆటోఫోకస్ ఉంటుంది, పాత ఏఎఫ్-డీ రకాలకు ఉండదు. కొనేముందు లెన్స్ గుండా టార్చి వేసి చూడాలి. తేమ ఎక్కువైన మన కోస్తా జిల్లాల్లో గాజు మీద సాలెగూడులాంటి బూజు పట్టడం మామూలే. కొన్నాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో దాచాలి.

బాడీ నాలుగైదేళ్లకు పాతబడుతుంది, మంచి లెన్స్ ఇరవై ఏళ్లు పనిచేస్తుంది. అందుకే బడ్జెట్‌లో సగానికి పైగా లెన్స్‌కే కేటాయించండి. లక్షలు పోసే ముందు నగరాల్లోని అద్దె దుకాణం నుంచి ఆ లెన్స్ తెచ్చుకుని ఒక పూట మెడలో వేసుకుని నడిచి చూడండి. పొడవాటి లెన్స్ చేతికొచ్చాక కూడా గూటి దగ్గరకు పోకండి, కొమ్మలు తుంచకండి, రికార్డు చేసిన కూతలు వినిపించి పక్షిని పిలవకండి. దాన్ని దాని దూరంలో ఉండనివ్వడానికే ఆ లెన్స్ కొన్నాం.