లేసు అల్లే చేతులకు, కళ్లకు కొన్ని మెళకువలు

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు ప్రాంతాల్లో లేసు అల్లిక కొత్తగా పరిచయం చేయవలసిన పని కాదు. 19వ శతాబ్దంలో మిషనరీ స్త్రీలు ఇక్కడి ఆడపిల్లలకు నేర్పిన ఈ విద్య తల్లి నుండి కూతురికి, అత్త నుండి కోడలికి చేరుతూ వచ్చింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త ఈ స్త్రీల గురించి రాసిన పుస్తకం 1982లో వెలువడింది. ఇంత పని చేస్తున్నా వీరిని పనివారిగా కాక గృహిణులుగానే లెక్కవేస్తున్నారన్నది అందులోని ముఖ్యమైన మాట. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

అయితే వైద్యుల ఎదుట ఆ పాత లెక్క ఇంకా మారలేదు. మెడనొప్పితోనో, చేతి తిమ్మిరితోనో వచ్చిన తల్లిని "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగితే "ఏ పనీ లేదండి, ఇంట్లోనే ఉంటాను" అంటారు. చూపుడు వేలి మీద దారం ఒరిసిన గీత మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. దయచేసి లేసు అల్లుతామని, రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటారో డాక్టరుగారికి చెప్పండి. చికిత్స సగం అక్కడే తేలుతుంది.

మొదట కళ్ల సంగతి. తెల్లటి సన్న దారం మీద గంటల తరబడి చూపు నిలపడం కష్టమే. ఒడిలో ఒక నల్లటి గుడ్డ పరుచుకుని అల్లి చూడండి, ప్రతి కుట్టూ తేటగా కనిపిస్తుంది. ముదురు రంగు దారమైతే తెల్ల తువ్వాలు పరుచుకోవాలి. ముదురు రంగుల పని పగటి వెలుతురుకే ఉంచుకోండి. కుడిచేతివాటం వారు కిటికీ గాని, దీపం గాని ఎడమవైపు ఉండేలా కూర్చుంటే చేతి నీడ పని మీద పడదు. గొలుసు కుట్టు పొడవుగా వేసేటప్పుడు ప్రతి 20 కుట్లకు ఒక పిన్నీసు గుచ్చుకుంటే మొదటి నుండి లెక్కపెట్టే బాధ ఉండదు, కళ్లకూ ఆ మేరకు శ్రమ తగ్గుతుంది. వరుస పూర్తయినప్పుడల్లా తలెత్తి దూరంగా ఉన్న కొబ్బరిచెట్టు వైపు, దాని మట్టలు లెక్కపెట్టేంతసేపు చూడండి.

నలభై దాటాక దారాన్ని చేయి చాచి దూరం పెట్టుకుంటే గాని కనబడకపోతే అది చత్వారం. వయసుతో వచ్చేదే, అద్దాలతో సరిపోతుంది. కాని సంతలో దొరికే అద్దాలు పెట్టుకుని ఊరుకోవద్దు. పరీక్షకు వస్తే శుక్లం ఉందేమో, కంట్లో ఒత్తిడి పెరిగిందేమో కూడా చూస్తారు. షుగరు ఉన్నవారు చూపు బాగానే ఉన్నా ఏడాదికొకసారి కంటి లోపలి పొర పరీక్ష చేయించుకోవాలి. అద్దాల కోసం వచ్చేటప్పుడు మీ సూదిని, సగం అల్లిన ముక్కను వెంట తెచ్చుకోండి. పుస్తకం చదివే దూరం వేరు, లేసు పట్టుకునే దూరం వేరు. మీరు ఎంత దూరంలో పట్టుకుంటారో చూస్తే దానికి తగిన నంబరు ఇవ్వడం సులువవుతుంది.

ఇక చేతులు. సూదిని కొందరు కలంలా పడతారు, కొందరు కత్తిలా పడతారు. రెండింటిలోనూ తప్పు లేదు, బిగించి నొక్కిపట్టడంతోనే చిక్కు. సన్నటి ఉక్కు సూదిని వేళ్లు గట్టిగా పట్టక తప్పదు కాబట్టి, పట్టుకునే చోట మెత్తని పేలిక చుట్టి పైన ప్లాస్టరు వేసి పెన్సిలు కంటే కాస్త లావు చేసుకోండి. దారాన్ని చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టి చూపుడు వేలి మీదుగా తెచ్చుకుంటే బిగువు దానంతటదే సమానంగా వస్తుంది. ఉండను గిన్నెలో వేసుకుంటే మంచం కిందికి దొర్లిపోదు, మాటిమాటికీ మణికట్టుతో గుంజే పనీ ఉండదు. ఒడిలో దిండు పెట్టుకుని పనినే ఎత్తుకు తెచ్చుకోండి. మెడ పని దగ్గరకు వంగకూడదు. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. ఆర్డరు తొందరలో ఇది కుదరదని చాలామంది అంటారు. చెయ్యి పడిపోతే ఆ ఆర్డరే పోతుంది గదా.

రాత్రి నిద్రలో బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే సర్దుకుంటున్నదంటే మణికట్టులో నరం నొక్కుకుంటున్నదని అనుమానించాలి. గర్భిణులలో, థైరాయిడ్, షుగరు ఉన్నవారిలో ఇది ఎక్కువ. తొలిదశలో రాత్రిపూట మణికట్టును తిన్నగా ఉంచే పట్టీతోనే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. వేలు ముడుచుకుపోయి టక్కుమని తెరుచుకుంటున్నా చూపించుకోండి. చేతిలో వస్తువులు జారిపోతుంటే ఇక ఆగవద్దు. చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారి, ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చ కూడా ఉంటే సిగ్గుపడి దాచవద్దు. కుష్ఠువ్యాధి కావచ్చు. దానికి మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

మన సంఘ స్త్రీలు పసిపిల్లలకు టోపీలు, మేజోళ్లు అల్లి కానుకగా ఇస్తుంటారు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు టోపీ నిజంగా మేలు చేస్తుంది. బిడ్డ తల నుండి వేడి త్వరగా పోతుంది. తల్లి రొమ్ముకు ఆనించి ఉంచే కంగారూ పద్ధతిలో బిడ్డకు టోపీ, మేజోళ్లు వేయమని మేమే చెబుతాం. నెలలు నిండిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది. అల్లిక సాగుతుంది కాబట్టి టోపీ చుట్టుకొలత రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ ఉన్నా సరిపోతుంది. నూగు రేగే ఊలు కంటే మెత్తని నూలు మేలు. గుండీలు, పూసలు, మెడకు కట్టే తాళ్లు పెట్టవద్దు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డను ఇంట్లో పడుకోబెట్టినప్పుడు టోపీ తీసేయండి. మన ఎండాకాలంలో ఒళ్లు వేడెక్కిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం దారపు కొస. ముడి వేసి కత్తిరిస్తే చాలదు. ఒక జానెడు దారం వదిలి, మొద్దు సూదితో కుట్ల లోపలి నుండి ఒకవైపు, మళ్లీ వెనక్కు, మళ్లీ ముందుకు మూడుసార్లు తిప్పి అప్పుడు కత్తిరించండి. తర్వాత లోపలివైపు బయటకు తిప్పి చూడండి, ఒక్క పోగు కూడా వేలాడకూడదు. లేసులా కన్నాలున్న అల్లిక బల్ల మీద గుడ్డకు అందమే గాని పసివేళ్లకు పనికిరాదు. మేజోళ్లు, చేతి తొడుగులు దగ్గర కుట్టుతోనే అల్లాలి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. వదులుగా ఉన్న పోగు గాని, తల్లి తలవెంట్రుక గాని బిడ్డ వేలికి చుట్టుకుంటే కదిలినకొద్దీ బిగుస్తుంది. రక్తం ఆడక వేలు ఉబ్బుతుంది, కొన్ని గంటలు గడిస్తే వేలికే ప్రమాదం. బిడ్డ ఎత్తుకున్నా, పాలిచ్చినా ఊరుకోకుండా ఏడుస్తుంటే దిష్టి అనుకునే ముందు మేజోళ్లు, తొడుగులు విప్పి ఇరవై వేళ్లూ వెలుతురులో చూడండి. మగబిడ్డయితే మర్మాంగం కూడా చూడాలి. పోగు పైకి కనిపిస్తూ సులువుగా వచ్చేస్తే తీసేయండి. వాపులో కూరుకుపోయి కనిపించకపోతే కత్తెర పెట్టవద్దు, పసుపు, సున్నం రాయవద్దు. రాత్రయినా సరే వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. ఆ మేజోడును కూడా పారేయకుండా తెచ్చి డాక్టరుగారికి చూపించండి.