మగ్గమును, డేటా సెంటరును

పొందూరు ఖద్దరు నేయు మగ్గముపై పడుగు దారములు వేలకొలది ఉండును. నేతపనివారు వానిని ఒక్కొక్కటిగా ఎత్తరు. తొక్కుడుచెక్కను కాలితో నొక్కగానే సగము దారములు ఒక్కమారుగా లేచును. వాని నడుమ నాడె పోవును.

డేటా సెంటరులో వేలకొలది కంప్యూటర్లను స్విచ్చులు కలుపుచుండును. సమాచారము ఏ దారిని పోవలెనో ఇంజనీరు పూర్వము ప్రతి స్విచ్చునకు విడివిడిగా నిర్దేశింపవలసి వచ్చెడిది. 2008లో స్టాన్‌ఫర్డ్ మొదలగు విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులు ఓపెన్‌ఫ్లో అను పద్ధతిని ప్రకటించిరి. ఇందు దారి నిర్ణయించుట కంట్రోలరు అను ప్రోగ్రాము పని. సమాచారమును మోయుట మాత్రమే స్విచ్చుల పని. నియమమును ఒక్కచోట చెప్పిన చాలును. అది అన్ని స్విచ్చులకు చేరును.

ఈ సౌకర్యములో ప్రమాదము కూడ కలదు. పడుగు ఎక్కించునపుడు ఒక దారము తప్పిన, ఆ లోపము బట్ట పొడవునను కనిపించును. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సంస్థలో నిర్వహణ పనివేళ ఇచ్చిన ఒక్క ఆజ్ఞ దాని డేటా సెంటరుల నడుమగల సంబంధములను తెంచెను. అట్టి ఆజ్ఞలను ఆపవలసిన తనిఖీ ప్రోగ్రాములోనే లోపముండెను. సేవలు సుమారు ఆరు గంటలు నిలిచిపోయెను. కావుననే ఆజ్ఞను ముందుగా నమూనాపై పరీక్షించి, పిదప కొద్ది స్విచ్చులకు, ఆ పిమ్మట అన్నింటికిని పంపుట మేలు. పని సులువైనకొలది పరీక్ష పెరుగవలెను.