కెమెరా కదిలితే మనసెందుకు కదులుతుంది?

సినిమా చూస్తున్నప్పుడు కథానాయిక కంటతడి పెట్టకముందే ప్రేక్షకుల గుండె బరువెక్కడం అందరికీ అనుభవమే. సంభాషణలు, సంగీతం, నటన అందుకు కారణమని సాధారణంగా భావిస్తారు. వీటితోపాటు పెద్దగా ఎవరూ గమనించని కారణం మరొకటి ఉంది. అది కెమెరా కదలిక.

కదలికల్లో రకాలు

కెమెరా ఉన్నచోటనే నిలిచి తల తిప్పినట్లు పక్కకు తిరిగితే దానిని పాన్ అంటారు. తల ఎత్తినట్లు, దించినట్లు కదిలితే అది టిల్ట్. పట్టాలపై బండిలో ఉంచి ముందుకో వెనక్కో జరిపితే ట్రాలీ. జూమ్‌లో మాత్రం కెమెరా కదలదు. కటకంలోని అమరిక మారడంవల్ల దృశ్యం పెద్దదిగానో చిన్నదిగానో కనిపిస్తుంది.

ట్రాలీకి, జూమ్‌కు గల భేదం ముఖ్యమైనది. మనిషి నడిచి వెళ్తున్నప్పుడు దగ్గరి చెట్లు వేగంగా, దూరపు కొండలు మెల్లగా జరుగుతున్నట్లు తోస్తుంది. ట్రాలీలోనూ అంతే. కనుక తామే పాత్ర చెంతకు వెళ్తున్నామన్న భావన ప్రేక్షకులకు కలుగుతుంది. జూమ్‌లో అన్నీ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి. అది దూరాన నిలిచి వేలెత్తి చూపినట్లుంటుంది.

ఈ రెంటినీ కలిపి హిచ్‌కాక్ 1958లో 'వెర్టిగో' చిత్రంలో ఒక అద్భుతం సాధించారు. కెమెరాను ఒక దిశలో జరుపుతూ, అదే సమయంలో జూమ్‌ను వ్యతిరేక దిశలో వాడారు. గోపురం లోపలి మెట్ల బావి అమాంతం లోతుకు సాగిపోయినట్లు కనబడింది. ఎత్తు అంటే భయపడే కథానాయకుని కళ్లు తిరగడం ప్రేక్షకులకూ అనుభవమయింది. ఇందుకోసం మెట్ల నమూనాను చిన్నదిగా తయారుచేసి, అడ్డంగా పడుకోబెట్టి చిత్రీకరించారు.

మన దేశపు ఉదాహరణలు

మైసూరులో జన్మించిన వి.కె. మూర్తి 1959లో గురుదత్ చిత్రం 'కాగజ్ కే ఫూల్'కు ఛాయాగ్రహణం నిర్వహించారు. శూన్యమైన స్టూడియోలో నాయికా నాయకులు దూరదూరంగా నిలుచుంటారు. పెద్ద అద్దాలతో లోనికి మళ్లించిన సూర్యకాంతి నిలువునా కిరణంలా పడుతుంది. కెమెరా నెమ్మదిగా వారి ముఖాలను సమీపిస్తుంది. వారు చెప్పుకోలేని ప్రేమను ఆ నిదానమే చెబుతుంది. అక్కడ వేగం పెరిగి ఉంటే ఆ వేదన నిలిచేది కాదు.

సత్యజిత్ రాయ్ 'చారులత'లో (1964) నాయిక తోటలో ఉయ్యాల ఊగుతుంది. కెమెరా కూడా ఆమెతోపాటే ఊగుతుంది. ఆమె ముఖం తెరపై స్థిరంగా ఉండగా, వెనుక తోట మాత్రం ఊగిసలాడుతుంది. ఒంటరి ఇల్లాలి మనసులో మొలకెత్తుతున్న అలజడికి అంతకన్న మాటలు అవసరం లేకపోయింది.

తెలుగులో 1989నాటి 'శివ' మరొక మలుపు. స్టెడీకామ్ అనే సాధనంలో కెమెరా బరువు మనిషి ఒంటికి తొడిగిన కవచంపై, స్ప్రింగుల చేతిపై ఆనుతుంది. అడుగుల కుదుపు చిత్రంలోకి రాదు. చిన్నారిని సైకిలుపై ఎక్కించుకుని కథానాయకుడు వీధుల వెంట పారిపోతుంటే, ప్రేక్షకులూ వెంట పరుగెత్తినట్లు ఊపిరి బిగబట్టారు.

నిశ్చలత కూడా భాషే

ఈ దృశ్యాలన్నింటిలో కదలికకు ఒక కారణం ఉంది. పాత్ర మనసులో మార్పు వచ్చినప్పుడే కెమెరా కదిలింది. కారణం లేని కదలిక కంటికి అలసట మాత్రమే మిగులుస్తుంది. తీవ్రమైన దుఃఖం ముందు కదలకుండా నిలవడమే ఒక్కోసారి అన్నింటికన్న గొప్ప కదలిక.

ఈనాడు సెల్‌ఫోన్ ప్రతి ఇంటా కెమెరాగా మారింది. పెళ్లిళ్లలో, పండుగలలో, చిన్న చిత్రాల తయారీలో యువత దానిని విరివిగా వాడుతోంది. అప్పగింతల వేళ ఫోనును అటూ ఇటూ తిప్పుతూ, జూమ్ చేస్తూ తీస్తే తల్లి ముఖంగాని, కూతురి ముఖంగాని నిలకడగా దక్కదు. రెండు చేతులతో పట్టుకుని, మోచేతులు ఒంటికి ఆనించి, ఒకచోట నిలిచి తీయాలి. దగ్గరగా చూపాలనుకుంటే జూమ్‌కు బదులు మెల్లగా నాలుగడుగులు ముందుకు వేయాలి. ఇరవై ఏళ్ల తరువాత ఆ దృశ్యాన్ని చూసే మనుమలకు ఆనాటి ముఖాలు, వాటి వెనుక మనసులు అప్పుడే అందుతాయి.